బెత్తెడు లారీ

ముప్పై రెండేళ్లు టేపు మెడలో వేసుకుని బతికాను.
కంచరపాలెం మెట్టు దగ్గర మా కొట్లోకి
మనిషి గుమ్మం దాటేలోపే
భుజం ఎంతో, నడుం ఎంతో
నా కంటికి తెలిసిపోయేది.
టేపు తీసేది వాళ్ల నమ్మకం కోసం.

అలాంటి నన్ను
అరచెయ్యంత అద్దం ఒకటి
నలభై తొమ్మిదో ఏట బోల్తా కొట్టించింది.

బడి యూనిఫారాలు గాజువాక చేరవెయ్యడానికి
పాత ఓమ్నీ కొన్నాను. నీలం రంగు.
ఎడమ తలుపు ఎత్తిపట్టి లాగితేగాని పడదు.
నేర్పడానికి అసిరినాయుడు వచ్చాడు.
పోర్టు లారీల మీద పద్దెనిమిదేళ్లు క్లీనరు.
ఆ గొంతులో ఎర్రదుమ్ము ఇంకా దిగలేదు.

మొదటిరోజే కుడి అద్దంలో లారీ కనబడింది.
బెత్తెడుంది.
బెత్తెడు లారీ ఎంత దూరంలో ఉన్నట్టు?
నా లెక్కకి ఊర్వశి జంక్షన్‌ దగ్గర.
తిప్పబోయాను.
అది నా చెవిలో అరిచింది.

"ఏటమ్మా అలా సేసినావు?
ఆ అద్దం ఉబ్బుగుంటాది.
శానా సూపిస్తాది, సిన్నగా సూపిస్తాది.
లోపలద్దం సదరంగుంటాది.
కొంచెమే సూపిస్తాది, ఉన్నదున్నట్టు సూపిస్తాది.
రెండిట్నీ అడుగు.
ఒకదాని మాటే నమ్మేసి తిప్పేయకు."

నవ్వొచ్చింది నాకు, భయంలోనే.
మా కొట్లో నిలువుటద్దం కింద
ఒక చెక్కముక్క దోపి ఉంచాను.
అద్దం కాస్త వెనక్కి వాలితే
మనిషి పొడుగ్గా, సన్నగా తేలుతుంది.
ఎవరికీ చెప్పలేదు.
అబద్ధం కాదనుకున్నాను. వాలు, అంతే.

ఆదివారం పొద్దున పాలిటెక్నిక్ గ్రౌండులో
బండి ఆపి నన్ను కూర్చోబెట్టి
నాయుడు వెనక్కి నడిచాడు, అంగలు లెక్కపెడుతూ.
పది అనగానే అద్దం మీద
గుడ్డలకు గీసే నీలం సుద్దతో గీత.
ఇరవై. గీత.
నలభై దగ్గర నాయుడు చొక్కా గుండీ అంత.
అరవైకి గుండీకి పడే కన్నం.
తిరిగొచ్చేటప్పుడు పెరుగుతూ పెరుగుతూ
గుండీ, వేలు, బెత్తెడు,
ఉన్నట్టుండి లేడు.
అద్దాలు మూడూ వెతికాను.
మూడింట్లోనూ గ్రౌండూ, ఒక కుక్కా.

టకటక.
నా భుజం వెనకే, కిటికీ మీద.
"అద్దంలో నేన్లేను గదా. మరెక్కడున్నాను?
మెడ తిప్పాలమ్మా. మెడకి దేవుడు బిగింపెట్టలేదు."

తరవాత టీ తాగుతూ అన్నాడు:
ఆ రోజుల్లో లారీకి ఎడమద్దం నేనే.
ఎంత దూరమో నోటితో చెప్పేవోణ్ణి కాదు.
డొక్క మీద సరిసేవోణ్ణి.
సోటుంటే నెమ్మదిగా.
తగ్గేకొద్దీ బేగి బేగి.
సరుపు ఆగిందంటే
డ్రైవరు కాలు బ్రేకు మీదుండాల.
ఒక్కసారి లేదు, అన్నాడు.
గ్లాసు కడిగి బోర్లించాడు.
నేను అడగలేదు.

ఇప్పుడు ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద
ఇనుప చుట్టలు మోసుకొచ్చే ట్రైలరు
దీపాలు రెండూ సుద్దగీత దాటగానే
నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే
తలుపు మీద చరుస్తోంది.
పక్క బళ్లవాళ్లు వింతగా చూస్తారు.

మొన్న తుఫాను వానకి గీతలు కొట్టుకుపోయాయి.
మళ్లీ గియ్యలేదు. ఎందుకో.

నిన్న సాయంత్రం, షీలానగర్ దాటాక,
అద్దంలో ఒక్క దీపం, కందిగింజంత.
లోపలద్దంలో శనగగింజంత.
చోటుంది, ఇండికేటరు వేశాను.
మెడ తిప్పాను.

స్కూటీ మీద ఒక కాలేజీ పిల్ల,
బారెడు కూడా లేదు మా మధ్య,
హెల్మెట్‌ లోపల ఏదో వల్లెవేసుకుంటూ,
నన్ను చూడకుండా
ముందుకు పోయింది.

పోనిచ్చాను.
యూనిఫారం మాది కాదు.
ఎడమ భుజం వదులు.
అరంగుళం లోపలికి పట్టాలి.